మంచానికి ఆ పక్కా ఈ పక్కా ఆడవాళ్లే

ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోలేక ఆసుపత్రిలో చేర్చినా, రోగితో పాటు అక్కడ చేరేది ఆడమనిషే. మామగారికి పక్షవాతం వస్తే కోడలు. చెల్లెలి పురిటికి అక్క. పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే తల్లి. ప్లాస్కు, కంచం, గ్లాసు, రెండు దుప్పట్లు, సబ్బుపెట్టె సర్దుకుని వెళ్లి మంచం పక్కన చాప పరుచుకుంటుంది. మగవాళ్లు మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్తారు, బిల్లు కడతారు, డాక్టరుగారితో మాట్లాడతారు. అర్ధరాత్రి రోగి ఊపిరి తేడాగా ఉంటే మాత్రం మొదట మెలకువ వచ్చేది చాప మీద నడుం వాల్చిన ఆవిడకే.

మంచానికి ఆ పక్కన ఇంకో ఆడమనిషి ఉంటుంది. ఆమెను సిస్టరంటాం. పేరు అడగం. "ఈ సిస్టరు మంచిది, నొప్పి తెలీకుండా సూది వేస్తుంది", "ఆ రాత్రి డ్యూటీ సిస్టరుంది చూశావూ, మహా విసురు" - ఆమె గురించి మనకు తెలిసింది ఇంతే. మొహంలో నవ్వుందా లేదా అని చూస్తాం. ఆమె చేస్తున్న పనేమిటో, అందులో ఏది ముఖ్యమో మనకెవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఏటా మే 12న ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజుకి కొవ్వొత్తులు వెలిగించి, ఓర్పు, త్యాగం, సేవ అంటూ ఉపన్యాసాలు చెబుతాం. ఆ పొగడ్తల మధ్య ఆమె మూడేళ్లో నాలుగేళ్లో కూర్చుని చదివిన చదువు సంగతి ఎవరికీ గుర్తు రాదు.

నర్సు పనిలో ప్రాణం నిలబెట్టేవి ముఖ్యంగా రెండు. రోగిని పద్ధతి ప్రకారం గమనించడం ఒకటి. ఒకరి ఒంట్లోని జబ్బు మరొకరి ఒంట్లోకి పోకుండా కాపలా కాయడం రెండోది. ఈ రెండూ చూసేవాళ్లకి పనుల్లా కనపడవు. సూది వేస్తే పని చేసినట్టు, సెలైను మారిస్తే పని చేసినట్టు. ఊరికే నిలబడి రోగి వంక చూస్తుంటే, సింకు దగ్గర చేతులు రుద్దుకుంటుంటే "ఇంకా రాదేం?" అని మనమే విసుక్కుంటాం. ఆ రెండు పనుల గురించీ, అవి జరగాలంటే ఏం కావాలో దాని గురించీ ఈ వారం రాస్తున్నాను.

చూడటమంటే లెక్కపెట్టడం

నైటింగేల్ 1859లో నర్సింగ్ మీద ఒక పుస్తకం రాసింది. అందులో రోగిని గమనించడం మీద ఒక అధ్యాయమే ఉంది. రోగి ఎలా ఉన్నాడంటే "బాగానే ఉన్నాడండీ" అనడం గమనించడం కిందికి రాదు. ఎంత తిన్నాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి, ఇవి చెప్పగలగాలి.

మా వీధిలో ఒకావిడ ఉన్నారు. ముప్ఫై ఏళ్ల పైచిలుకు ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యారు. రోగి దగ్గరికి వెళ్లగానే మొదట ఏం చూస్తారని ఒకసారి అడిగాను. "గుమ్మంలోంచే చూడటం మొదలెడతామమ్మా" అన్నారు. మనిషి మనవైపు తిరిగి చూశాడా? మాట పూర్తి చేయగలుగుతున్నాడా, మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడా? పెదవుల రంగేమిటి? చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉందా, చల్లబడి చెమట పట్టిందా? మంచం దగ్గరికి చేరేలోపే ఇవన్నీ చూసేస్తారట. ఆ తర్వాతే థర్మామీటరు, బీపీ మిషను.

ఆ తర్వాతివి అంకెలు. పెద్దవాళ్లకి ఒంటి వేడి మామూలుగా 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్ అటూ ఇటూ. నాడి నిమిషానికి 60 నుంచి 100. ఊపిరి నిమిషానికి 12 నుంచి 20. బీపీ 120/80 దగ్గర్లో. వేలికి తగిలించే క్లిప్పులో ఆక్సిజను 95కి తగ్గకుండా. కరోనా రోజుల్లో ఆ క్లిప్పు మన ఇళ్లలోకీ వచ్చింది కాబట్టి ఆ చివరి అంకె చాలామందికి తెలుసు.

వీటన్నిటిలో అందరూ చిన్నచూపు చూసేది ఊపిరి లెక్కని. దానికి మిషను అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. సెకన్ల ముల్లున్న గడియారం ముందు పెట్టుకుని, ఛాతీ ఎన్నిసార్లు లేచి దిగిందో ఒక నిమిషం నిండా లెక్కపెట్టాలి. ఆ నిమిషమే దొరక్క చాలా చోట్ల కేస్ షీటులో అందరికీ ఒకటే అంకె పడిపోతూ ఉంటుంది. నిజానికి ఒంట్లో పెద్ద తేడా రాబోతోందంటే, బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరగడం చాలాసార్లు కనిపిస్తుంది. 2012లో ఇంగ్లండులో డాక్టర్ల రాయల్ కాలేజీ వారు ముందస్తు హెచ్చరికకని ఒక మార్కుల పట్టిక తయారుచేశారు. ఊపిరి, ఆక్సిజను, బీపీ, నాడి, తెలివి, ఒంటి వేడి - ఒక్కోదానికి ఇన్ని మార్కులని వేసి కూడితే, ఏ రోగి దగ్గరికి డాక్టరు వెంటనే పరుగెత్తాలో నర్సు చెప్పగలుగుతుంది. అందులో మొదటి వరుస ఊపిరిదే.

ఇంకో చిన్న సంగతి. "మీ ఊపిరి లెక్కపెడుతున్నా" అంటే ఎవరైనా ఊపిరి మార్చేస్తారు. అందుకని తెలిసిన నర్సు, మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉంటుంది. నాడి లెక్కపెట్టడం అయిపోయాక కూడా చెయ్యి వదలదు. కళ్లు మాత్రం ఛాతీ మీదికి తిప్పుతుంది. ఈసారి సిస్టరు అలా చాలాసేపు చెయ్యి పట్టుకుని మౌనంగా నిలబడితే కబుర్లు పెట్టకండి. ఆమె లెక్కలో ఉంది.

పసిపిల్లల తల్లులు ఈ లెక్క తప్పకుండా నేర్చుకోవాలి. దగ్గు, జలుబు ఉన్న బిడ్డ ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషం పాటు లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు బిడ్డకి 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకి 50 గానీ ఆ పైన గానీ ఉన్నా, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకి 40 గానీ ఆ పైన గానీ ఉన్నా అది వేగంగా ఊపిరి తీయడమే. న్యుమోనియా కావచ్చు. మన పెద్దవాళ్లు "డొక్కలెగరేస్తున్నాడు" అంటారే, అది కనపడితే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు.

ముసలివాళ్ల విషయం మరో తీరు. వాళ్లకి ఒంట్లో చీము పట్టినా, మూత్రంలో ఇన్‌ఫెక్షనొచ్చినా ఒక్కోసారి జ్వరమే రాదు. మాట తేడా వస్తుంది. నిన్నటిదాకా శుభ్రంగా మాట్లాడిన అత్తగారు ఇవాళ పొద్దున్నే ఇది ఏ ఊరని అడిగితే, "వయసు మీద పడింది, చాదస్తం" అని మనం నవ్వేస్తాం. ఒక్క రోజులో వచ్చిన మతిమరుపు చాదస్తం కాదమ్మా. వెంటనే సిస్టరుకి చెప్పాల్సిన లక్షణం అది. అలాగే ఐదారు గంటలుగా మూత్రం రాకపోవడం, చేతులూ కాళ్లూ చల్లబడటం, లేపితే గానీ లేవకపోవడం - ఇవన్నీ చెప్పాల్సినవే.

బాలింత సంగతి వేరే చెప్పాలా? కాన్పయిన మొదటి రెండు గంటలూ ప్రతి పావుగంటకీ నర్సు వచ్చి పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూస్తుంది. గర్భసంచి గట్టిపడిందా, మెత్తగా ఉండిపోయిందా అని చూడటం అది. మెత్తగా ఉంటే రక్తం పోతూనే ఉంటుంది. "పాపం అలిసిపోయి నిద్రపోతోంది, ఇప్పుడెందుకు నొక్కుతారు" అని అడ్డం పడే అమ్మమ్మల్ని నేను చూశాను. ఆ నిద్ర అలసటో, రక్తం పోయి వచ్చిన మగతో ఆ చెయ్యి తేలుస్తుంది. అడ్డం పడకండి. గుడ్డ గంటలోపే తడిసిపోతే మీరే పిలవండి.

మడికీ శుభ్రతకీ తేడా

రెండో పని చేతులది. 1847లో వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులుండేవి. ఒకదాంట్లో వైద్య విద్యార్థులు పురుళ్లు పోసేవారు, రెండోదాంట్లో మంత్రసానులు. విద్యార్థుల వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోయేవారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో వందకి 18 మంది పైనే పోయారు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కారణం పట్టుకున్నాడు. విద్యార్థులు శవాల్ని కోసి చూసి, ఆ చేతులతోనే నేరుగా పురుడు పోయడానికి వస్తున్నారు. మంత్రసానులు శవాల జోలికే వెళ్లరు. క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కున్నాకే లోపలికి రావాలని అతను నియమం పెట్టాడు. రెండు నెలలు తిరిగేసరికి చావులు వందకి ఇద్దరి దగ్గరికి దిగాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. పెద్దమనుషుల చేతులు మురికివెలా అవుతాయని వాళ్ల బాధ. 1865లో అతను పిచ్చాసుపత్రిలో చనిపోయాడు.

మనకేమీ శుభ్రత కొత్త కాదు, మడి కట్టుకున్న జాతి మనది అంటారు. కానీ మడి అడిగే ప్రశ్న వేరు. ఎవరు ముట్టుకున్నారు అని అడుగుతుంది మడి. పనిమనిషి ముట్టుకుందా, బయటున్న కోడలు ముట్టుకుందా అని. సూక్ష్మజీవికి కులం లేదు, మైలా లేదు. దేన్ని ముట్టుకున్న చేత్తో దేన్ని ముట్టుకున్నావన్నదే దానికి కావాలి. మడిగా వండిన అత్తగారి చెయ్యయినా, పక్క మంచం రోగి కట్టు సర్ది వచ్చిందంటే ఆ చెయ్యి కడగాల్సిందే.

చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి మార్గదర్శకాల్లో ఐదు సందర్భాలుగా చెప్పింది. రోగిని తాకేముందు. సూది, కట్టు, గొట్టం లాంటి శుభ్రమైన పని మొదలుపెట్టేముందు. రక్తం, మూత్రం, చీము లాంటివి తగిలే పని అయ్యాక. రోగిని తాకిన తర్వాత. రోగి మంచం, బల్ల, సెలైను స్టాండు ముట్టుకున్న తర్వాత. స్పిరిట్ వాసన వచ్చే ఆ చేతుల మందుతో అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల చివర్లు, మణికట్టు అన్నీ రుద్దాలి. గ్లౌజులు వేసుకున్నారు కదా అంటారేమో. ఒకే గ్లౌజు జతతో పది మంచాలు తిరిగితే ఆ గ్లౌజు ఆమె చేతిని కాపాడుతుంది. పదిమంది రోగుల్ని ఎవరు కాపాడతారు?

ఈ జాగ్రత్త మన దగ్గర ఏం సాధించిందో ఒక ఉదాహరణ చెబుతాను. పురిట్లో తుప్పు బ్లేడుతో, కొడవలితో బొడ్డు కోసి, దాని మీద బూడిదో పేడో అద్దిన రోజులున్నాయి. పుట్టిన వారానికి బిడ్డ పాలు పట్టడం మానేసి, కొయ్యబారిపోయి చనిపోయేది. ధనుర్వాతం అది. గర్భిణులకి టీకాలు వేయడం, ఆసుపత్రి కాన్పులు పెరగడంతో పాటు, శుభ్రమైన చేతులు, శుభ్రమైన పక్క, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, ఏమీ పూయకుండా వదిలేసిన బొడ్డు అనే ఐదు పాఠాలు ఊరూరా చెప్పడం వల్ల ఆ చావులు తగ్గాయి. నవజాత శిశువుల్లో ధనుర్వాతాన్ని అదుపు చేసిన రాష్ట్రంగా 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు నిలిచింది. 2015 నాటికి దేశమంతా ఆ స్థితికి చేరింది. ఆ పాఠాలు చెప్పినవాళ్లు సైకిళ్ల మీదా, కాలినడకనా ఊళ్లు తిరిగిన మన ఏఎన్ఎంలే. వాళ్లకెవరూ శిలాఫలకాలు వేయలేదు.

ఆమె ప్రాణం సంగతి

శుభ్రత రోగి కోసమే అనుకుంటాం. నర్సు ప్రాణానికీ అదే కవచం. రోగికి గుచ్చిన సూది పొరపాటున తన వేలికి గుచ్చుకుంటే హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్ఐవీ రావచ్చు. అందుకే వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. తెల్లటి, గుచ్చినా చిల్లు పడని డబ్బాలో నేరుగా వేయాలి. 2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూదీ కట్లూ పసుపు రంగు సంచిలోకి, ప్లాస్టిక్ గొట్టాలూ సీసాలూ గ్లౌజులూ ఎరుపులోకి, గాజు నీలంలోకి పోవాలి. మనం అరటి తొక్కలు, టీ కప్పులు తీసుకెళ్లి ఎదురుగా కనపడిన పసుపు బుట్టలో పడేస్తాం. ఆ బుట్టల్ని చేత్తో వేరుచేసే పని చివరికి ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. ఆమె కూడా ఆడమనిషే, నర్సుకన్నా తక్కువ జీతగత్తె.

సూది గుచ్చుకుంటే ఆ చోటిని సబ్బూ నీళ్లతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. వెంటనే పై వాళ్లకి చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. ఇది చదివే నర్సమ్మలకి తెలిసిందే. కానీ "చెబితే నన్నే తిడతారు" అని దాచుకునే అమ్మాయిలున్నారని విన్నాను, అందుకే రాస్తున్నాను.

2018 మే నెలలో కేరళలోని పేరాంబ్రలో నిఫా రోగికి సేవ చేసిన లినీ అనే నర్సు అదే జబ్బుతో చనిపోయింది. ఇద్దరు చిన్న పిల్లల తల్లి. అప్పటికి అది ఏ జబ్బో అక్కడ ఎవరికీ తెలియదు. తర్వాత రెండేళ్లకి కరోనా వచ్చింది. మనం బాల్కనీల్లో నిలబడి పళ్లేలు మోగించాం. అదే నెలల్లో, నర్సులకి అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న ఇంటివాళ్ల వార్తలూ చదివాం.

చేతులు కడగడానికి టైమెక్కడిది?

ఇక అసలు విషయం. ఆ మధ్య ఒక బంధువుకి తోడుగా ఒక జిల్లా కేంద్రంలోని ఆసుపత్రి వార్డులో రెండు రాత్రులున్నాను. నిద్ర పట్టక మంచాలు లెక్కపెట్టాను. 42. డ్యూటీలో ఉన్నది ఒక సిస్టరు, ఆమెకి సాయంగా ఒక నర్సింగ్ విద్యార్థిని.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక రోగి జ్వరం, నాడి, ఊపిరి, బీపీ చూసి కేస్ షీటులో రాయడానికి ఐదు నిమిషాలనుకోండి. 42 మందికి 210 నిమిషాలు, అంటే మూడున్నర గంటలు. రోగిని తాకేముందూ తాకాకా అరేసి నిమిషం చొప్పున చేతులకి మందు రుద్దుకుంటే ఒక్క చుట్టుకి ఇంకో 42 నిమిషాలు. రాత్రికి రెండు చుట్లు తిరగాలంటే ఎనిమిది గంటల పైమాటే. మరి ఇంజక్షన్లు ఎవరు వేస్తారు? సెలైన్లు ఎవరు మారుస్తారు? రాత్రి రెండు గంటలకి వచ్చిన పాము కాటు కేసుని ఎవరు చూస్తారు? రిజిస్టర్లు ఎవరు నింపుతారు? ఆమె ఒకసారి మంచినీళ్లు తాగొద్దా? నెలసరి రోజయితే?

ఈ లెక్క చూశాక "ఆ సిస్టరుకి విసురెక్కువ" అనాలనిపించలేదు నాకు. ఊపిరి లెక్కపెట్టలేదనీ, చేతులు రుద్దుకోలేదనీ ఆమెనొక్కదాన్నే నిలదీయడం న్యాయం కాదనిపించింది. ఎంత చదివినా, ఎంత మనసున్నా, గంటలో అరవై నిమిషాలే ఉంటాయి.

నిబంధనలు లేవా? ఉన్నాయి. బోధనాసుపత్రుల్లో మూడు పడకలకి ఒకరు, మామూలు ఆసుపత్రుల్లో ఐదు పడకలకి ఒకరు స్టాఫ్ నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. ఆ మనుషుల్ని మూడు షిఫ్టులకీ పంచి చూసుకున్నా ఏ పూటా ఒకరి మీద పదిహేను మందికి మించకూడదు. నేనున్న వార్డుకి ఆ లెక్కన కనీసం ముగ్గురుండాలి.

మనుషులు తగ్గితే ఏమవుతుందో కూడా లెక్క తేల్చినవాళ్లున్నారు. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో ఆపరేషన్లయిన రోగుల వివరాలు తీసుకుని లిండా ఐకెన్ అనే నర్సింగ్ ప్రొఫెసరు, ఆమె తోటివారు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక నర్సు మీద ఒక్క రోగి అదనంగా పెరిగితే, నెల రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని అందులో తేలింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1999లోనే చట్టం చేసి, 2004 నుంచి ఒక నర్సుకి ఇంతమందికి మించి రోగుల్ని అప్పగించకూడదని అమలు చేస్తోంది.

మన ప్రైవేటు నర్సింగ్‌హోముల సంగతి ఇంకో రకం. కొన్ని చోట్ల పదో తరగతి అయిన పిల్లకి తెల్ల బట్టలు తొడిగి, నెల రోజులు సూది వేయడం నేర్పి, సిస్టరని పిలుస్తున్నారు. ఆ పిల్ల తప్పేం లేదు, బతుకుతెరువు. కానీ ఏఎన్ఎంకి రెండేళ్లు, జీఎన్ఎంకి మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్‌కి నాలుగేళ్లు చదివిస్తున్నది ఊరికే కాదు కదా. చదివినవాళ్లని పెట్టుకుంటే జీతమివ్వాలని అలా చేస్తారు. సుప్రీంకోర్టు 2016లో చెప్పిన మీదట వేసిన కేంద్ర నిపుణుల కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సుకి నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదని సిఫార్సు చేసింది. మీ ఊళ్లో మీకు తెలిసిన నర్సు ఎంత తీసుకుంటోందో అడిగి చూడండి. 1947 నాటి నర్సింగ్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్తగా నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. చట్టం కాగితం మీద ఉంటే చాలదు. రాత్రి రెండింటికి వార్డులో ఎంతమంది ఉన్నారో చూస్తేనే అది అమలయిందో లేదో తెలుస్తుంది.

మనం చేయగలిగింది

చాప మీద కూర్చున్న మనం చేతులు ముడుచుకుని ఉండక్కర్లేదు. అలాగని నర్సు పని మనం నెత్తినేసుకోనూ కూడదు. సెలైను బాటిలు మార్చడం, ముక్కు గొట్టంలో పాలు పోయడం, ఆక్సిజను తిప్పడం, "మీరే చేసేయండమ్మా" అన్నా మనవి కావు. ఎవరూ నేర్పకుండా చేయొద్దు, పిలవండి.

చేయదగ్గవి ఇవి. ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. ఎప్పుడు ఎంత తిన్నారు, నీళ్లెన్ని తాగారు, మూత్రం ఎప్పుడెప్పుడు అయింది, జ్వరం ఏ టైముకి వచ్చింది, ఊపిరి నిమిషానికి ఎంత, రాసుకోండి. డ్యూటీ మారినప్పుడు కొత్త సిస్టరుకి చూపించండి. "ఏదోలా ఉన్నారండీ" అనే బదులు "పొద్దున 18 ఉన్న ఊపిరి ఇప్పుడు 28 ఉంది సిస్టర్" అని చెప్పండి. 42 మందిలో ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో ఆమెకి అప్పుడు తెలుస్తుంది.

సెలైను సూది ఉన్న చోట ఎర్రబడినా, ఉబ్బినా, మంటన్నా చెప్పండి. మూత్రం సంచి పొత్తికడుపు కన్నా కిందికే వేలాడాలి, నేలకి తగలకూడదు. కదల్లేని మనిషిని రెండేసి గంటలకి పక్కకి తిప్పాలి. ఎలా తిప్పాలో సిస్టరునడిగి నేర్చుకోండి, లేకపోతే పడక పుండ్లు పడతాయి. మగతగా ఉన్నవాళ్ల నోట్లో పాలు, జావ పోయకండి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెలకువగా ఉన్నవాళ్లకైనా తల ఎత్తు పెట్టే తినిపించండి.

మన చేతులు మనం కడుక్కోవాలి. మంచం మీద పదిమంది చుట్టాలు కూర్చోకూడదు. పసిబిడ్డని చూడ్డానికి వచ్చినవాళ్లందరి చేతుల్లోకీ బిడ్డ మారక్కర్లేదు. "మీ బిడ్డనేం ఎత్తుకుపోతామా" అని పెద్దమ్మ అలిగితే అలగనివ్వండి. రెండు రోజుల్లో అలక తీరుతుంది.

డాక్టరుగారినైనా, సిస్టరునైనా "చేతులు శుభ్రం చేసుకున్నారా అండీ?" అని అడగడానికి జంకొద్దు. అది దబాయింపులా కాకుండా అడగొచ్చు. "సిస్టర్, మందు బాటిలు ఇదిగో ఇక్కడుంది, చేతులకి వేసుకుంటారా?" అంటే ఎవరూ నొచ్చుకోరు. వార్డు సింకులో నీళ్లు రాకపోయినా, సబ్బు లేకపోయినా అది సిస్టరుకి చెప్పి ఊరుకోకండి. ఆసుపత్రి సూపరింటెండెంటుకి కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఆసుపత్రిలో చేరేటప్పుడు ఏసీ గది ఉందా, టీవీ ఉందా, స్కానింగ్ మిషనుందా అని అడుగుతాం. "రాత్రిపూట ఈ వార్డులో ఎంతమంది నర్సులుంటారు? ఏం చదివారు?" అని అడగం. అది అడగండి. ప్రైవేటు ఆసుపత్రిలో కౌంటరు దగ్గరే అడగండి. ప్రభుత్వాసుపత్రి అయితే మహిళా సంఘం తరఫున పదిమంది సంతకాలతో అడగండి, మీ ఎమ్మెల్యే ఓట్లకి వచ్చినప్పుడు అడగండి. ఎన్ని పోస్టులున్నాయి, ఎన్ని ఖాళీ, ఎంతమందిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు అన్నది సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే చెప్పి తీరాలి.

నర్సులు జీతం కోసం, మనుషుల్ని పెంచమని ధర్నాకి కూర్చుంటే "రోగుల్ని వదిలేసి రోడ్డెక్కారు" అని తిడతాం. ఆ రోగుల్లో రేపు మనవాళ్లుంటారు. వాళ్ల పక్కన చాప మీద మనముంటాం. అందుకే, ఈసారి వాళ్లు రోడ్డెక్కినప్పుడు వెళ్లి ఏమడుగుతున్నారో వినండి. మీ నోటుపుస్తకంలో వార్డులో మంచాలెన్నో, సిస్టర్లు ఎందరో రాసుకుని ఉంటే, ఆ కాగితం కూడా తీసుకెళ్లండి.